కంటి డాక్టరు అలిగిన పూట

"అట్ల కాదు మనవరాలా, ముందు అది కొట్టెయ్. 'మా అవ్వ డాక్టరుతో గొడవపడింది' అని రాసినావంటే కథంతా తలకిందులైపోతుంది. గొడవ ఎవరు పడినారు? ఆ పూట మీ అవ్వ డాక్టరుతో నేరుగా ఒక్కమాట కూడా మాట్లాడలేదు. చిక్కంతా ఆడనే వచ్చింది. నేను నిదానంగా చెప్తా, నువ్వు నిదానంగా రాయి. మధ్యలో నవ్వొస్తే నవ్వు గాని పెన్ను మాత్రం ఆపొద్దు. ఆ, రాస్తున్నావా? రాయి."

మీ అవ్వ వీరమ్మకు రెండు కళ్లలోనూ పొరలు పడినాయి. కుడికంటిది బాగా ముదిరింది. ఆ సంగతి మాకు గొర్రెల వల్ల తెలిసింది.

సాయంత్రం మంద దొడ్డికి రాగానే గొర్రెపిల్లలను తల్లుల దగ్గరికి విడిచేది మీ అవ్వే. ఏ పిల్ల ఏ తల్లిదో ఆమెకు తెలిసినట్టు మందలో తిరిగే నాకు కూడా తెలియదు. అట్లాంటి మనిషి ఒకరోజు నల్లమచ్చ గొర్రె పిల్లను తీసుకపోయి బోడిగొర్రె పొదుగు కింద పెట్టింది. బోడిగొర్రె ఊరుకుంటుందా? ఒక్క తన్ను తన్నింది.

"కన్నబిడ్డనే తంతావేందే పాపిష్టిదానా!" అని మీ అవ్వ దాన్ని పట్టుకొని తిట్టింది.

"అది దాని బిడ్డ కాదే" అన్నాను నేను.

"నీకేం తెలుసు? ఊరుకో."

గొర్రె మొహం చూస్తే నాకు జాలేసింది. అది తప్పు చేయకపోయినా తిట్లు తింటున్నది. ఇట్ల రోజూ జరిగింది. పిల్లలు ఆకలికి అరుస్తున్నాయి, తల్లులు తంతున్నాయి, మీ అవ్వ మాత్రం "ఈ ఏడాది గొర్రెలకే ఏందో బుద్ధి మారింది" అంటున్నది. తన కళ్లమీద అనుమానం రాలేదామెకు.

చివరికి మీ నాయన బలవంతంగా ఆటో ఎక్కించి మార్కాపురంలో కంటి ఆపరేషన్లు చేసే ఆసుపత్రికి తీసుకపోయినాడు. దాని పేరెందుకులే. పరీక్ష చేసినవాళ్లు, కుడికన్ను ఈ నెల దాటితే ఆపరేషన్ చేసినా చూపు వస్తుందని చెప్పలేమన్నారు. మీ అవ్వ నాలుగు రోజులు ఆలోచించి, ఇల్లంతా కసిరి, ఆఖరికి సరేనంది. అదీ ఒక షరతు మీద. "ఒక్కసారే వస్తా. ఈ పొద్దు కాదు రేపు రా, రేపు కాదు ఎల్లుండి రా అని తిప్పినారంటే మళ్లా గడప దాటను." ఆమె మాటంటే మాటే. నలభై ఏళ్లనాడు మా చెల్లెలి ఊళ్లో సినిమా హాల్లో కుర్చీలో నల్లి కుట్టిందని, అప్పటినుంచి సినిమాకే పోని మనిషి ఆమె. అందుకని పిలిచిన రోజునే ఆపరేషన్ జరగాలి. జరగకపోతే ఆ కన్ను పోయినట్టే. 

ఆపరేషన్ రోజు పొద్దున్నే మీ నాయన మమ్మల్ని ఆసుపత్రిలో దింపి, మంద చూసుకోవాలని తర్లుపాడు బస్సెక్కి వెనక్కి పోయినాడు. మేమిద్దరమే మిగిలినాము.

అదే రోజు ఆ ఆసుపత్రిలో నర్సులకు క్లాసు పెట్టినారు. ముసలివాళ్లతో ఎట్ల మెలగాలి, వాళ్ల పద్ధతులు ఎట్ల గౌరవించాలి అనే క్లాసు. ఎందుకు పెట్టినారంటే, అంతకుముందు చంద్రశేఖరపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయనను "బెడ్ నంబరు తొమ్మిదీ!" అని పిలిచినారంట. ఆయనకు రోషం వచ్చి, ఆసుపత్రి వాళ్లు తొడిగిన పచ్చచొక్కాతోనే బస్సెక్కి ఊరికి పోయినాడంట. ఆ చొక్కాకు వీపున గుండీలుండవు. బస్సులో అందరూ ఆయనకే సీటిచ్చినారంట.

క్లాసు చెప్పడానికి గుంటూరు నుంచి దయామణి మేడం వచ్చింది. మంచి మనిషి, గొంతు కూడా మంచిది. ఆమె చెప్పే హాల్లో ఫ్యాన్లు బాగా తిరుగుతున్నాయని నేను పోయి వెనక వరుసలో కూర్చున్నాను. ఎవరూ పొమ్మనలేదు. పైగా "చూడండి, ఇట్లాంటి పెద్దవాళ్ల గురించే" అని మేడం నన్ను చూపించింది కూడా.

"పల్లెల్లో పెద్దవాళ్లు నంబరుతో పిలిస్తే చిన్నబుచ్చుకుంటారు. పేరుతో పిలిచినా నొచ్చుకుంటారు. వరుస పెట్టి పిలవండి. ఇంటి మనిషి పిలిచినట్టు ఉంటుంది" అన్నది మేడం.

నేను తల ఊపినాను. నిజమే కదా. అయితే ఏ వరుస పెట్టాలో మాత్రం ఆమె చెప్పలేదు. వరుస ఏమన్నా చెప్పులా, కాలికి ఏది తగిలితే అది తొడుక్కొని పోవడానికి?

క్లాసు నడుమ విడిచినారు. నర్సులంతా నేర్చుకున్నది మర్చిపోకముందే వాడాలని వార్డు మీద పడినారు. ఒకామె వచ్చి "బాబాయ్, బీపీ చూస్తా" అన్నది. సరే, కూతురు వరుస అయ్యింది. ఆమె వెనకనే ఇంకొకామె వచ్చి "మామయ్యా, చెయ్యి చాపు" అన్నది. ఈమె కోడలు వరుస. వాళ్లిద్దరూ చూస్తే అక్కాచెల్లెళ్లలాగ మెలుగుతున్నారు. ఒకామె మీ చిన్నాయనకు చెల్లెలు, ఇంకొకామె మీ చిన్నాయన చేసుకోదగ్గ పిల్ల! ఈ మాట ఇంటికాడ మీ చిన్నమ్మకు తెలిస్తే ఏమవుతుందోనని నేను భయపడుతుంటే, చీటీ పట్టుకొని మూడో ఆమె వచ్చి "అన్నా, ఈ మాత్ర మింగు" అన్నది.

"నాకెందుకమ్మా మాత్ర? ఆపరేషన్ నాకు కాదు, ఆమెకు."

"అయ్యో, సారీ బావా" అని పోయింది.

మా మంచం దగ్గర డ్యూటీ చేసే పిల్ల పేరు లీదియా. గిద్దలూరు పిల్ల. ఆ పిల్ల మాత్రం క్లాసుకు ముందునుంచే అవ్వా, తాతా అంటున్నది. మీ అవ్వకు ఆ పిల్లంటే ఇష్టం. చుక్కలు వేసేటప్పుడు ఎవరు పట్టుకున్నా కన్ను తెరవని మనిషి, లీదియా "తెరువవ్వా" అంటే తెరిచింది.

అంతా బాగానే ఉండింది. అప్పుడు వచ్చినాడు బ్రహ్మం డాక్టరు.

ఆపరేషన్లు చేసే డాక్టరు ఆయనే. తెనాలి పక్క మనిషి. సన్నగా, పొడుగ్గా, దడికి ఆనించిన గెడకర్రలాగ ఉంటాడు. హస్తవాసి మాత్రం గొప్పదని అందరూ చెప్పినారు. ఆయన కూడా క్లాసులో కొంచెంసేపు నిలబడి విన్నాడు. విన్నది వాడాలి కదా. మా మంచం దగ్గరికొచ్చి, మీ అవ్వ భుజం తట్టి, వార్డంతా వినపడేట్టు అన్నాడు:

"ఏం అత్తా! బాగున్నావా? ఏం భయం లేదు, నేనున్నానుగా!"

వాళ్ల పక్క ఎట్లనో నాకు తెలియదు. దారినపోయే పెద్దామెను కూడా అత్తా అంటారేమో. మన ఇళ్లల్లో అత్త అంటే ముఖ్యంగా ఇద్దరే. నాయన తోడబుట్టినామె ఒకతి. పిల్లనిచ్చినామె ఒకతి. పిల్లనిచ్చిన అత్త అల్లుడి ఎదుట కూర్చోదు. కొంగు తలమీద కప్పుకుంటుంది. ఆయనతో నేరుగా మాట్లాడదు, మాట్లాడాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి. ఇక ఆయన ఎదుట కాళ్లు చాపుకొని పడుకోవడమా? మీ అవ్వ పుట్టి పెరిగిన ఇంట్లో అట్లాంటి మాటే లేదు.

ఆ మాట చెవిన పడగానే మీ అవ్వ మంచం మీదనుంచి జారి కిందికి దిగింది. కొంగు నెత్తిమీదికి లాక్కుంది. పోయి సెలైన్ సీసా తగిలించే కడ్డీ వెనకాల నిలబడింది. ఆ కడ్డీ నా చూపుడువేలంత లేదు. దాని వెనక మనిషి ఏం దాగుతుంది? అయినా ఆమె దాగినట్టే నిలబడింది.

"ఏందయ్యా, అట్ల రాయిలాగ కూర్చున్నావు?" అని నన్ను గొంతు తగ్గించి కసిరింది. "అల్లుడొచ్చినాడు. లెయ్యి. కుర్చీ వెయ్యి."

"ఏ అల్లుడే?"

"నీకు వినపడలేదా? అంతమందిలో అత్తా అన్నాడు కదా!"

డాక్టరు ఇదంతా భయం అనుకున్నాడు. నవ్వి, "లోపల కలుద్దాం అత్తా" అని ఇంకోసారి గట్టిగా అని పోయినాడు. మేకు ఒకసారి కొట్టి ఊరుకోలేదు, రెండోసారి కూడా కొట్టి పోయినాడు.

ఆపరేషన్ గదిలో జరిగింది నేను చూడలేదు. లీదియా చెప్పగా విన్నదే చెప్తున్నాను. బల్లమీద పడుకోబెడితే మీ అవ్వ బుద్ధిగా పడుకుంది. కన్ను కడిగినారు, ఊరుకుంది. అంతలో తలుపు తోసుకొని డాక్టరు వచ్చి "రెడీనా అత్తా?" అన్నాడు. అంతే, మీ అవ్వ లేచి కూర్చోవడం కాదు, ఏకంగా బల్ల దిగి గోడవైపు తిరిగి నిలబడింది. నర్సులు పట్టుకొచ్చి పడుకోబెట్టినారు. డాక్టరు దగ్గరికి రాగానే మళ్లా దిగింది. ఇంకోసారి ఇద్దరు నర్సులు భుజాలు పట్టుకున్నారు. అప్పుడు ఆమెకు గుండె దడ పెరిగి, పక్కనున్న మిషను కీచుమని మొత్తుకుంది.

డాక్టరు మూతిగుడ్డ కిందికి లాక్కుంటూ బయటికి వచ్చినాడు. నేను గోడ పక్క బెంచీ మీద కూర్చొని ఉన్నాను.

"మామా, ఆవిడ ఎందుకలా లేచి దిగిపోతోంది? నేను కంట్లో కత్తి పెట్టాక ఒక్కసారి కదిలినా కన్ను పోతుంది. నా వల్ల కాదు. ఇవాళ్టికి ఇంటికి తీసుకెళ్లండి. ఇంకోసారి చూద్దాం."

ఆయన నన్ను కూడా మామా అన్నాడు. ఇక అయిపోయింది. పీటముడి బిగిసింది.

"ఇంకోసారి అంటే ఆమె రాదు సారూ" అన్నాను.

"ఎందుకు రాదు?"

"రాదు సారూ. ఆమె సంగతి మీకు తెలియదు."

"అసలు ఆవిడకేమైంది?"

నాకు తెలుసు. కాని చెప్పలేకపోయినాను. అల్లుడిని ఎదురుగా పెట్టుకొని "ఇదంతా నీవల్లే నాయనా" అని ఏ మామయినా ఎట్ల చెప్తాడు? నాకూ ఒక పద్ధతి ఉంది కదా. నేను పైకప్పు వైపు చూసినాను.

ఈ లోపల సంగతి తెలిసి దయామణి మేడం నర్సులందరినీ వెంటబెట్టుకొని వచ్చింది. "చూడండి, మనం నేర్చుకోవాల్సింది ఇక్కడే. ఆమె భయపడటం లేదు. ఏదో ఆచారం అడ్డం వస్తోంది. ఏమై ఉంటుందో చెప్పండి" అన్నది.

ఇంక మొదలుపెట్టినారు.

"మెట్టెలు తియ్యమన్నారేమో మేడం! మొగుడుండగా తియ్యరు."

"తియ్యమనలేదు. కాళ్లకే ఉన్నాయి."

"మంగళవారం కదా మేడం."

"ఈ పొద్దు గురువారం."

"బల్లమీద తల ఉత్తరం వైపు పెట్టినారేమో!"

ఆ మాటకు ఇద్దరు పోయి బల్ల ఎటు తిరిగుందో చూసి వచ్చినారు. తూర్పంట. ఇంకొకామె "గొర్రెలోళ్లు కదా మేడం, పచ్చరంగు పడదేమో" అన్నది. పచ్చరంగు పడకపోతే గొర్రెలు ఏం తింటాయమ్మా అని అడుగుదామనుకొని, ఊరుకున్నాను. పక్క మంచం మనిషి, పుల్లలచెరువు నుంచి వచ్చినాయన, నా చెవిలో "మీ గురించి మీకంటే వీళ్లకే ఎక్కువ తెలిసినట్టుంది" అన్నాడు.

వాళ్లంతా ఇట్ల తర్జనభర్జన పడుతుంటే లీదియా లోపలికి పోయి, గోడవైపు తిరిగి నిలబడి ఉన్న మీ అవ్వ పక్కన తనూ నిలబడి అడిగిందంట.

"ఎందుకు దిగుతున్నావవ్వా?"

"నీకు పెండ్లయిందా?"

"ఇంకా కాలేదవ్వా."

"అందుకే తెలియదు. అల్లుడి ఎదుట వెల్లకిలా పడుకుంటారా ఎవరన్నా?"

లీదియా బయటికొచ్చి అందరిముందు ఆ మాట చెప్పింది. డాక్టరు రెండు చేతులూ అడ్డంగా ఊపినాడు.

"నేను ఊరికే మర్యాదకని అన్నానమ్మా! మేడమే కదా చెప్పింది!"

"నేను వరుస పెట్టమన్నాను. అల్లుడు కమ్మనలేదు" అన్నది మేడం.

మీ అవ్వను బయటికి తీసుకొచ్చి నా పక్కన నిలబెట్టినారు. డాక్టరు ఎదురుగా ఉన్నాడని ఆమె బెంచీ మీద కూర్చోలేదు. కొంగు మూతిదాకా దించుకుంది. ఇక బేరాలు మొదలైనాయి. అన్నీ లీదియా నోటిగుండానే.

"అవ్వా, అత్త అంటే మేనత్త అనుకో. మేనల్లుడైతే చిన్నప్పుడు ఎత్తుకొని తిప్పుంటావు. సిగ్గేముంది?"

"మా అన్న కొడుకులందరినీ నేనెరుగుదును. ఒకడు ఆటో తోల్తాడు, ఒకడు పలకల గనికాడ లారీకి పోతాడు. డాక్టరు చదివినోడు ఎవడూ లేడు."

"పోనీ, ఇప్పుడు సారు అమ్మా అని పిలుస్తాడు. కొడుకవుతాడు. సరేనా?"

"పొద్దున అల్లుడు, మధ్యాహ్నం కొడుకా? అప్పుడు నా కూతురు ఆయనకు ఏమవుతుంది? అది లోకంలో ఉండే మాటేనా?"

లీదియాకు నవ్వు ఆగలేదు. "నీకు కూతురు లేదంటివే అవ్వా!"

 మీ అవ్వ కొంగు కిందనుంచే చెప్పింది.

"లేదు. ఇద్దరూ మగపిల్లలే. దసరాకు అల్లుడొచ్చినాడని పక్కింట్లో కోడిని కోస్తుంటే చూస్తా కూర్చున్నా. ఎదురింట్లో అల్లుడికి పంచె పెడుతుంటే పోయి అక్షింతలేసి వచ్చినా. నన్ను అత్తా అని పిలిచినోడు ఇప్పటిదాకా ఒక్కడు లేడు. ఈయన పిలిచినాడు. వద్దు, వెనక్కి తీసుకోమంటే ఎట్లమ్మా?"

ఇన్నేళ్లు కాపురం చేసినా ఆ మాట నాకు కూడా చెప్పలేదు మనవరాలా. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.  నర్సుల్లో ఒకామె ముక్కు చీదింది.

అట్లని ఆపరేషన్ జరగకుండా పోతుందా? అల్లుడు దొరికినాడని కన్ను పోగొట్టుకుంటే ఆ అల్లుడిని చూసేది దేనితో? అప్పుడు నాకొక మాట తోచింది. తోచిందంటే పెద్ద తెలివేం కాదు, పెళ్లిళ్లలో ఎన్నిసార్లు చూడలేదు!

ఆయనను పక్కకు తీసుకపోయి, మీ అవ్వకు వినపడకుండా "అల్లుడుగారూ" అన్నాను. "మా ఇళ్లల్లో అత్త మాట వినకపోతే అల్లుడేం చేస్తాడో తెలుసా? అలుగుతాడు. తినడు, తాగడు, మూతి ముడుచుకొని కూర్చుంటాడు. ఏం అడిగితే అది ఇచ్చి అలక తీర్చాల్సిందే. తీర్చకపోతే ఆ ఇంటికి తలవంపు."

డాక్టరు నావైపు చూసినాడు. కళ్లల్లో వెలుగొచ్చింది.

"మామా, నా పెళ్లిలో నన్ను అలగనివ్వలేదు. తెల్లారే డ్యూటీలో చేరాలని భోజనం కూడా నిలబడే తిన్నాను. మా ఆవిడ వసుంధర ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది, నీకు అలగడం కూడా చేతకాదని. ఇప్పుడు అలగొచ్చా?"

"నీ ఇష్టం నాయనా. నీకు హక్కుంది."

అమ్మో, ఏం అలిగినాడు! ఇరవై ఏళ్లనుంచి దాచిపెట్టుకున్న అలక కదా. పోయి ఆ చివర బెంచీ మీద కూర్చొని, గోడవైపు తిరిగి, చేతులు కట్టుకున్నాడు. ఒక నర్సు టీ తీసుకపోతే పక్కకు నెట్టినాడు. ఇంకొకామె ఉప్మా తీసుకపోయి "బావగారూ, రెండు ముద్దలన్నా తినండి" అని బతిమాలింది. "నాకేం వద్దు! నాకీ ఇంట్లో మర్యాద లేదు!" అని అరిచినాడు. ఆ అరుపుకు మందుల గదిలోనుంచి మనుషులు పరిగెత్తుకొచ్చినారు. నర్సులు చూడు, ఒక్కసారిగా ఆడపెళ్లివారైపోయినారు. ఒకామె విసురుతున్నది, ఒకామె నీళ్లు పట్టుకొని నిలబడింది. దయామణి మేడం కూడా చేతులు కట్టుకొని "బాబూ, చిన్నపిల్లలం, తెలియక ఏమన్నా తప్పు చేసుంటే" అని మొదలుపెట్టింది. పుల్లలచెరువు ఆయన కంటికి కట్టుతోనే లేచొచ్చి, అల్లుడి పక్షం వహించి, "మర్యాద చేయలేనోళ్లు సంబంధం ఎందుకు కలుపుకున్నారు?" అని మమ్మల్ని గద్దించినాడు.

మీ అవ్వ గబగబా నా దగ్గరికొచ్చింది.

"అయ్యయ్యో, అలిగినాడా? తినలేదా?" అని నా చెయ్యి పట్టుకుంది. "ఏం తక్కువైందో అడుగయ్యా. నిలబడి చూస్తావేంది?"

నేను పోయి అడిగినాను. "అల్లుడూ, మీ అత్త అడగమంటున్నది. ఏం కావాలి?"

గోడవైపు చూస్తూనే "బుల్లెట్ బండి" అన్నాడు.

తమాషాకే అన్నాడు. కాని మీ అవ్వకు తమాషా ఎక్కడిది? "ఇస్తామని చెప్పు" అంది వెంటనే. "రెండు పొట్టేళ్లు అమ్మితే సరి. చాలకపోతే కొమ్ములదాన్ని కూడా తోలు."

కొమ్ములదాన్ని! నేను చంటిపిల్లలాగ సాకిన పొట్టేలు మనవరాలా!  నేను డాక్టరు పక్కన కూర్చొని, చెవిలో "నాయనా, నీ పుణ్యముంటుంది, ఆపరేషన్ సంగతి అడుగు, బండి సంగతి వద్దు" అన్నాను. ఆయనకు భుజాలు అదిరిపోతున్నాయి. నవ్వు పట్టుకోలేక గోడకు మొహం ఇంకా దగ్గరగా పెట్టినాడు. వెనకనుంచి చూసే మీ అవ్వ మాత్రం ఏడుస్తున్నాడనుకుంది.

"ఏడుస్తున్నాడయ్యా! ఏం కావాలన్నా ఇస్తామని చెప్పయ్యా!"

అప్పుడు డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"బండి వద్దు మామా. అత్తను ఆ బల్లమీద పడుకోమనండి. నేను లోపలికి వచ్చినా లేవకూడదు. పని అయ్యేదాకా కదలకూడదు, మాట్లాడకూడదు. అదొక్కటిస్తేనే ఈ ఉప్మా తింటాను. లేకపోతే ఇలాగే ఉంటాను."

 మీ అవ్వ ఒకచేత్తో కొంగు పట్టుకొని చాలాసేపు ఆలోచించింది. ఒక పక్క పద్ధతి, ఒక పక్క ఆకలితో ఉన్న అల్లుడు.  తొందరపెడితే ఆమె మొండికేస్తుంది.

ఆఖరికి లీదియాను దగ్గరికి పిలిచింది. "ఆ బల్లమీద పడుకుంటే నా కాళ్లు ఆయన వైపు ఉంటాయా?"

"లేదవ్వా. సారు నీ తలకాడ కూర్చుంటాడు. కాళ్లు అవతల పక్కకు ఉంటాయి."

"మొహమో?"

"మొహం మీద గుడ్డ కప్పుతాం. ఒక్క కంటికాడే చిన్న కంత ఉంటుంది."

"మొహమంతా కప్పుతారా?"

"అంతా కప్పుతాం."

"అట్లయితే కొంగు కప్పుకున్నట్టే కదా! ఈ మాట ముందే చెప్పొద్దా మీరు?" అని మమ్మల్నందరినీ తిట్టి, మీ అవ్వ తనంతట తానే గదిలోకి నడిచిపోయింది. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండా, "ముందు తినమను. ఖాళీ కడుపుతో కత్తి పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది" అని చెప్పిపోయింది.

డాక్టరు ఉప్మా మొత్తం తిన్నాడు. నర్సులు చప్పట్లు కొట్టినారు. నేను మాత్రం బెంచీ మీద కూర్చొని, తలుపు వైపే చూస్తా ఉన్నాను. లోపలినుంచి మిషను మొత్తుకోలేదు. ఎవరూ పరిగెత్తలేదు. మీ అవ్వ ఇచ్చిన మాట ప్రకారం రాయిలాగ పడుకుందంట. మధ్యలో లీదియా చెయ్యి ఒక్కసారి గట్టిగా నొక్కిందంట. నొప్పేమోనని లీదియా వంగి వింటే, "తిన్నాడా?" అని గుసగుసగా అడిగిందంట.

"మాట్లాడకూడదు అత్తా" అన్నాడంట డాక్టరు.

మళ్లా కిక్కురుమనలేదు.

మర్నాడు పొద్దున కట్టు విప్పినారు. మీ అవ్వ కాసేపు కన్ను ఆర్పి ఆర్పి చూసింది. గోడ చూసింది, కిటికీ చూసింది. నన్ను చూసి ఏమీ అనలేదు, చూడాల్సినంత కొత్తేం లేదనుకుంది కాబోలు. డాక్టరు వచ్చినాడు. మీ అవ్వ లేచి, కొంగు కప్పుకొని, ఆ కొంగు అంచు పక్కనుంచి ఒక్క కంటితో ఆయనను కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఏందయ్యా, అల్లుడు ఇంత బక్కగా ఉన్నాడు? ఈ మనిషికి ఎవరూ అన్నం పెట్టరా?"

డాక్టరు పగలబడి నవ్వినాడు. "మా వసుంధరతో చెప్తాను అత్తా. ఒంగోల్లో ఉంటుంది, కాలేజీలో పాఠాలు చెప్తుంది. నేనేమో ఊళ్లు తిరుగుతాను. వాళ్లమ్మ పోయి మూడేళ్లయింది, అప్పటినుంచి తనకీ వంట మీద ధ్యాస లేదు."

ఆ మాట విన్నప్పటినుంచి మీ అవ్వకు వేరే ధ్యాస లేదు. అల్లుడు ఉన్నాడంటే కూతురు కూడా ఉన్నట్టే కదా. వరుస ఎటునుంచి మొదలుపెట్టినా ఆడికే పోతుంది. పైగా తల్లి లేని పిల్ల.

మేము బయలుదేరేటప్పుడు దయామణి మేడం హాల్లో మళ్లా క్లాసు చెప్తున్నది. ఈసారి పాఠం మార్చింది. పెద్దవాళ్ల ఆచారం ఇది, అది అని మనమే అనుకోవద్దు, ఏమని పిలవాలో కూడా వాళ్లనే అడగండి అని చెప్తున్నది. మంచి మాటే. కాని నర్సుల సంగతి తెలుసు కదా. నేను వార్డులోకి పోయి సంచి తెచ్చుకునే లోపల ముగ్గురు పోయి పుల్లలచెరువు ఆయనను, ఒకరి తర్వాత ఒకరు, "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడిగినారు.

"అస్సలు పిలవొద్దు తల్లీ" అన్నాడాయన. "నిద్రొస్తున్నది."

ఇప్పుడు మీ అవ్వ సాయంత్రం పిల్లలను సరిగ్గానే విడుస్తున్నది. బోడిగొర్రెకు తిట్లు తప్పినాయి. ఎడమకంటికి వచ్చే నెల రమ్మన్నారు. మామూలుగా అయితే రెండోసారి అనే మాటకే ఆమె గడప దాటేది కాదు. ఈసారి మాత్రం రోజూ అడుగుతున్నది, ఎప్పుడు పోదామని. కంటికోసం కాదులే, వసుంధరమ్మను కూడా ఆ రోజు తీసుకొస్తానని డాక్టరు మాట ఇచ్చినాడు. ఆయన మాట ఇచ్చినాడు గాని, ఆ పిల్ల వస్తుందో రాదో. ఎవరో పల్లెటూరి ముసలామె నన్ను కూతురంటున్నదేంది అని నవ్వుకుంటే? మొగుడు చెప్పిన కథ నమ్మకపోతే?

అందుకే ఇదంతా నీతో రాయిస్తున్నా మనవరాలా. లీదియమ్మ డాక్టరుగారిని అడిగి ఆ వసుంధరమ్మ ఫోను నంబరు పంపింది. ఈ పూట ఆమెకు ఫోను చేసి, ఇది మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించు. తొందరగా చదవొద్దు. నేను చెప్పినట్టే నిదానంగా చదువు. పిలిచేటప్పుడు మేడం అనొద్దు, నీకు ఆమె మేనత్త అవుతుంది, అత్తా అని పిలువు. మీ అవ్వ రొట్టెలకని రెండు రోజుల కిందనే జొన్నలు పిండి పట్టించి పెట్టిందని చెప్పు. ఆసుపత్రికి వచ్చినా రాకపోయినా ఇంటికి మాత్రం రమ్మను. పుట్టింటికి రావడానికి ఎవరి కన్నూ బాగుచేయించాల్సిన పని లేదని మీ అవ్వ చెప్పమన్నది. ఆ మాట మర్చిపోకుండా చదువు.